శుక్రవారం వాన

(శ్రావణమాసం, శుక్రవారం పొద్దున ఏడున్నర దాటింది. గువ్వలదిన్నె బడి వెనక, ఇనుప కంచె లోపల, వాన కొలిచే మిషను దగ్గర.)

"చెడిపోలేదు సారూ. దానికేమీ కాలేదు. రోజూ చూస్తాండానే నేను. మీరు ఊరికే కళ్యాణదుర్గం నుంచి పొద్దున్నే బండేసుకోని వచ్చినారు."

"చెడిపోలేదని నువ్వెట్ల చెప్తావక్కా? నీ పేరేమన్నావు?"

"నల్లమ్మ. ఈ బడి ఊడ్చేది నేనే. ఈ కంచె బీగం తీసేదీ నేనే. ఎమ్మార్వో ఆఫీసోళ్ళు బీగంచెవి నా చేతికిచ్చిపోయి రెండేండ్లాయ."

"నా పేరు ఇనాయతుల్లా. బెంగళూర్లో వానల మీద పరిశోధన చేస్తాండా. అంటే వాన యాడ పడతాది, ఎప్పుడు పడతాది, యాల పడతాది అని."

"యాల పడదు అని చూసేవాళ్ళు ఎవరైనా ఉండారా సారూ? మా ఊరికి వాళ్ళు గావాల."

"అదీ మేమే చూస్తాము."

"అయితే చూసింది చాల్లే."

"నవ్వద్దక్కా. నా బతుకు సంగతి ఇది. పోయిన రెండు శుక్రవారాలు ఈ మిషను వాన చూపించలేదు. అందుకే పరిగెత్తుకోని వచ్చినా."

"పడలేదు గాబట్టి చూపీలేదు."

"అదెట్ల పడకుండా ఉంటాది? రెండేండ్లుగా ప్రతి శుక్రవారం పడతాంది గదా. ఎండాకాలంలో గూడా పడతాంది."

"యాడ?"

"ఈడే. గువ్వలదిన్నెలో."

"మా గువ్వలదిన్నెలోనా?"

"మూడు మిల్లీమీటర్లు. ఎప్పుడు చూసినా అంతే. పక్క మండలాల మిషన్లలో యాడా లేదు, ఈ ఊర్లో మాత్రమే. ప్రపంచంలో ఇంకెవరూ ఇట్లాంటి వాన చూసిండరు. నేను దాని మీద ఇంత లావు పుస్తకం రాసినా. సోమవారం పూనాలో పెద్ద పెద్ద సైంటిస్టుల ముందర చదవాల. అది ఒప్పుకుంటే నాకు డాక్టరు పట్టా."

"సూదులేసే డాక్టరా?"

"కాదక్కా. ఇది వేరే డాక్టరు."

"ఓ. పనికొచ్చే డాక్టరు కాదు."

"నా గైడు సారు నిన్న చెప్పినాడు. రెండు వారాలు తప్పిపోయినా పరవాలేదంట, ఈ రోజు పడితే లెక్క నిలబడతాదంట. ఈ రోజు గూడా పడకుంటే పూనాకు రావద్దు అన్నాడు. ఆరేండ్ల కష్టం అక్కా. ఈ పొద్దుటి మీద ఉండాది."

"అయ్యో పాపం. మబ్బు గూడా ల్యాకపాయనే."

"మబ్బు ల్యాకున్నా పడతాది. అదే దీని విశేషం."

"మబ్బు ల్యాకుండానా?"

"నేనూ మొదట్లో నమ్మలేదు. పొద్దున ఎనిమిదికి పడతాది, నిమిషంలో అయిపోతాది. దాని మీద రెండు అధ్యాయాలు రాసినా. అంత వాన పడినా గాల్లో తేమ మాత్రం పెరగదు. దాని మీద ఇంకో అధ్యాయం. మా అమ్మ పీరాంబీ అయితే జుమ్మా నమాజు నాటి వాన, అల్లా నా దువా విన్నాడు అంటాది. అట్ల అనకూడదమ్మా, ఇది సైన్సు అని కోప్పడినా."

"మరి శుక్రారమే యాల పడతాది సారూ, మీ సైన్సులో?"

"మంచి మాట అడిగినావు. ఈ చుట్టూ కంకర మిషన్లుండాయి గదా. అవి శుక్రవారం బందు. దుమ్ము లేవదు. దుమ్ము లేవకపోతే మేఘానికి..."

"మా అల్లుడు వీరేషు ఆ కంకర మిషను కాడనే పని. బందుండేది మంగళారం."

"మంగళవారమా?"

"మంగళారమే. ఆ దినం ఇంట్లో కూర్చోని నా కూతురు రేఖ పానం తీస్తాంటాడు."

"అయితే... దుమ్ము దిగడానికి మూడు రోజులు పడతాదని రాసుకోవచ్చు."

"రాసుకోండి. కాయితం మీదే గదా. నేను వస్తా సారూ, బడి ఊడ్చాల."

"ఉండక్కా. ఈ స్తంభానికి పసుపు ఎవరు పూసినారు?"

"ఏమో."

"కుంకుమ బొట్లు గూడా ఉండాయి."

"గాలికి ఎగిరొచ్చిండాదేమో. ఈడ గాలి శానా."

"ఈ టెంకాయ చిప్ప?"

"పెద్ద గాలి సారూ."

"అక్కా."

"కోపం చేసుకోనంటే చెప్తా. మీ నాయన మీద ఒట్టేయండి."

"మా నాయన మీదనే ఒట్టు. కళ్యాణదుర్గం బస్టాండు కాడ టైలర్ అబ్దుల్ గఫూర్ మీద ఒట్టు."

"గఫూరు కొడుకువా! ముందే చెప్పకూడదా అప్పా? నా పెండ్లి రవికె కుట్టింది మీ నాయనే. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. పెండ్లి పీటల మీద మా అత్త అదే చూస్తాండె. అడిగితే నీ చెయ్యే వంకరగా ఉండాది అన్నాడు మీ నాయన."

"ఇప్పటికీ అట్లనే అంటాడు. అక్కా, పసుపు సంగతి."

"ఏముండాది అప్పా. దీన్ని పెట్టిపోయినప్పుడు నాగేశ్వర అని ఒక సారు వచ్చినాడు. నల్లమ్మా, మీ మండలం బతుకంతా దీని నోట్లో ఉండాది, బాగా చూసుకో అని చెప్పినాడు. బతుకంతా దీని నోట్లో ఉంటే మొక్కకుండా ఎట్లుంటాము? శుక్రారం శుక్రారం తానం చేసొచ్చి, దీన్ని తుడిచి, పసుపు పూసి, బొట్టు పెట్టి..."

"పెట్టి?"

"కర్పూరం వెలిగిస్తా."

"వెలిగించి?"

"అంతే."

"అంతేనా అక్కా?"

"రవ్వన్ని నీళ్ళు పోస్తా."

"కిందనా?"

"నోట్లో."

"ఎవరి నోట్లో?"

"దీని నోట్లోనే. అట్ల ఆకాశం దిక్కు నోరు తెరుచుకోని నిలబడిండాది, వాన ల్యాదు ఏమీ ల్యాదు. చూస్తే కడుపు తరుక్కపోతాది. గుక్కెడు నీళ్ళు పోయకుండా ఎట్ల పోతాము? పైనుండేవానికి గూడా చూపిచ్చినట్టుంటాది, ఇదో, ఇట్ల పొయ్యాల నాయనా అని. ఏమప్పా, అట్ల కూలబడితివి?"

"ఎన్ని నీళ్ళు?"

"శానా కాదు. ఇదో, ఈ టీ గ్లాసెడు. ఈ పొద్దుటివి ఇంకా పొయ్యలేదు, నువ్వొచ్చి నిలబడితివని."

"మూడు మిల్లీమీటర్లు."

"ఏమంటివి?"

"ఏమీ లేదు. మరి పోయిన రెండు వారాలు యాల పొయ్యలేదు?"

"మా చిన్నాయన పోయినాడు. మైల గదా. పదకొండు దినాలు దేవుని సామాను ముట్టకూడదు."

"మైల."

"అవును."

"నేను సముద్రం మీద గాలి దిక్కు మారిందేమో అనుకున్నా. నిన్న రాత్రంతా మ్యాపులు చూసినా. మైల అక్కా. మైల."

"తప్పయితే చెప్పు, మానేస్తా."

"ఇది ఎవరికైనా తెలుసా?"

"ఎవరికి చెప్తాము? పూజ గదా, ఊరంతా చాటుకుంటామా?"

"అయితే... అక్కా, నీ పూజ నువ్వు చేసుకో."

"తప్పు లేదా?"

"తప్పేముండాది? భక్తి. నేనొచ్చినానని ఆపొద్దు, అంతే. కానీ ఎనిమిదిన్నర లోపల పోసెయ్యాల. ఎనిమిదిన్నరకు మిషను ఈ రోజు లెక్క మూసేస్తాది."

"నువ్వు చూస్తాంటే సిగ్గైతాది."

"అటు తిరుక్కుంటా. పోసెయ్యి."

"అట్లనే. మంచోడివప్పా. నిన్న చూసినోళ్ళ మాదిరి కాదు నువ్వు. నిన్న ఊరోళ్ళమంతా ఎమ్మార్వో ఆఫీసుకు పోయింటిమి..."

"అది తర్వాత చెప్పు. ముందు పోసెయ్యి."

"చెప్పనీ అప్పా, కడుపు మండుతాంది. పోయినేడు పక్క మండలానికి కరువని రాసిచ్చినారు. వాళ్ళకు ఇంకో యాభై దినాలు ఉపాధి పని వచ్చె, పశువులకు గడ్డి వచ్చె. మాకేమీ ల్యా. ఈ ఏడూ అట్లనే చేస్తారని ముందే అడగను పోయింటిమి. శెనక్కాయ ఊడలు దిగే యాళకు ఎండిపాయ, వచ్చి చూడండయ్యా అంటే, ఆడ గంగాధరప్ప అనే ఆయన ఒక కాయితం తీసినాడు. మూడు వారాలు వరసగా వాన పడకపోతేనే కరువు, మీ మండలంలో వారం వారం పడతానే ఉండాది, ఇంకేం గావాల మీకు అన్నాడు. యాడ పడిందయ్యా అని కొట్లాడినాము. మా ఊరి ఆంజి ఆ కాయితం గుంజి చించిపారేసె. నేను గూడా ఊరుకుంటానా? ఈ దొంగ వాన ఎవరు రాసినారో వాళ్ళ చేతులు పడిపోనని తిట్టొచ్చినా."

"టైమవుతాంది అక్కా."

"వారం వారం అన్నాడు ఆయన."

"అక్కా, నీళ్ళు."

"నువ్వు గూడా అదే అంటివి. శుక్రారం. పొద్దున ఎనిమిది. నిమిషంలో అయిపోతాది. మబ్బుండదు."

"ఎనిమిది దాటింది అక్కా."

"ఇనాయతుల్లా. ఆ వాన నేనేనా?"

"అది... అట్ల నేరుగా చెప్పలేము అక్కా. చాలా కారణాలుంటాయి."

"గఫూరు కొడుకువి. అబద్ధమాడొద్దు. ఆ వాన నేనేనా?"

"నువ్వే అక్కా. అయ్యో, ఏడవద్దు. నీకు తెలీదు గదా."

"గడ్డి ల్యాక ఆవును అమ్మేసినామప్పా. ఈనింది మూడు నెల్లు కాలేదు. తోలుకపోతాంటే మా ఇంటి దిక్కే తిరుక్కోని చూసె. పక్కింటి తిమ్మన్నోళ్ళు ఇంటికి బీగమేసుకోని బెంగళూరు పోయిరి, ఉపాధి పని అయిపోయిందని. రూతు నాతో బాటు తట్ట మోసేది, ఆ యమ్మ వంగలేక వంగలేక ఎవరింట్లోనో అంట్లు తోముతాంది. ఇదంతా నేను చేసినానా? నా చేత్తోనేనా?"

"నువ్వు చేయలేదు. మిషన్ని నీకప్పజెప్పి, దాని నోట్లో ఏమీ పొయ్యొద్దు అని ఒక్కడూ చెప్పలేదు. వాళ్ళు చేసినారు."

"నేను దేవునికి పోస్తాండా అనుకుంటి. నా తిట్లు నాకే తగిలె."

"ఊరుకో అక్కా."

"ఉండు. నువ్వెప్పుడు తెలుసుకుంటివి ఇది?"

"ఏది?"

"నా గ్లాసే వాన అని. నేను చెప్పినప్పుడే తెలిసిండాది నీకు. కూలబడితివి గదా."

"అవును."

"తెలిసీ పోసెయ్యి అంటివి."

"కరువు సంగతి అప్పటికి నాకు తెలీదు."

"తర్వాత తెలిసె గదా. తెలిసినాంక గూడా టైమవుతాంది, నీళ్ళు, నీళ్ళు అంటివి."

"అన్నా."

"నేను తెలీక పోసినా. నువ్వు తెలిసి పొయ్యమంటివి."

"అన్నా అక్కా. సిగ్గుగా ఉండాది. మా నాయన కండ్లు కనపడకపోయినా కుట్టి కుట్టి చదివించినాడు. నా కొడుకు వానల డాక్టరు అని వచ్చినోళ్ళకంతా చెప్పుకుంటాండాడు. ఒక్క గ్లాసు నీళ్ళే గదా అనుకుంటి. ఆ గ్లాసు ఇటియ్యి."

"ఏం చేస్తావు?"

"ఇయ్యి."

"పోస్తావా? చంపుతా చూడు!"

"..."

"తాగేస్తివా?"

"తాగేసినా. ఈ రోజు శుక్రవారం వాన అయిపాయ."

"పిచ్చోడా. పొలమారుతాంది, మెల్లగా."

"విను. నువ్వు కడసారి పోసింది మూడు వారాల కిందట. అప్పట్నుంచి వాన పడలేదు, నువ్వూ పొయ్యలేదు. నిన్నటికి ఇరవై దినాలు. ఈ రోజుతో ఇరవై ఒకటి. ఎనిమిదిన్నరకు మిషను సున్నా అని పంపిస్తే మూడు వారాలు నిండినట్టే. గంగాధరప్ప కాదు గదా, వాళ్ళ పైవాడు గూడా కాదనలేడు."

"ఇప్పుడెంతయింది?"

"ఎనిమిదీ పది."

"ఇంకిరవై నిమిషాలా? ఇంతేనా? యాభై దినాల పని వస్తాదా?"

"వస్తాది. గడ్డి గూడా."

"నా చిన్నాయన పోతా పోతా ఇంత మేలు చేసినాడా! బతికినన్ని నాళ్ళు ఒక్క పని చేసిండలేదు. నీ ఫోను మోగుతాంది చూడు."

"మా గైడు సారు."

"ఎత్తు."

"హలో. నమస్తే సార్. ఆ, మిషను దగ్గరే ఉన్నాను. బాగానే ఉంది సార్, ఏ రిపేరూ లేదు. లేదు సార్, పడలేదు. పడదు కూడా. ఈ రెండేళ్ల శుక్రవారాలన్నీ తీసెయ్యాలి సార్. అవును, అన్నీ. కారణమా? దొరికింది సార్. రాసి పంపిస్తాను. పుస్తకం కూడా వెనక్కి తీసుకుంటాను. పూనాకి రాను సార్. సరే సార్. ఉంటాను."

"తిట్టినాడా?"

"నవ్వినాడు. తిట్టింటే బాగుండు."

"మీ నాయనకు నేనొచ్చి చెప్తాలే."

"ఏమని?"

"నీ కొడుకు మంచోడని."

"దానికి పట్టా ఇయ్యరక్కా."

"నా రవికె చెయ్యి వంకర పోయిన సంగతి ముప్పై ఏండ్లు కడుపులో పెట్టుకోలేదా? నీ పట్టా సంగతీ పెట్టుకుంటాడు. ఏందో చేతి మీద పడె."

"పిట్టేమో."

"నీళ్ళ మాదిరి ఉండాది."

"నా చెయ్యి తగిలి గ్లాసులోది పడింటాది."

"గ్లాసు ఖాళీ గదప్పా. ఇదో, ఇంకోటి. మొగం మీద."

"ఎట్ల పడతాది? మబ్బే ల్యా... అక్కా, బడి మీద చూడు."

"ఏందది? ఎప్పుడొచ్చె?"

"మనం ఏడస్తాంటే వచ్చిండాది."

"మన్ను వాసన వస్తాంది. అప్పా, మన్ను వాసన! జూన్ నుంచి చూస్తాండాము ఈ వాసన కోసం. పొయ్యి పొయ్యి ఇప్పుడు రావల్నా? ఈ ఇరవై నిమిషాల్లోనే రావల్నా?"

"చిన్న మబ్బు. అయిదారు నిమిషాలుంటాది, పోతాది."

"ఎంత పడతాది?"

"మూడు... మూడున్నర."

"నా చేనికి సాలుతాదా?"

"వేర్ల దాకా గూడా దిగదు. మధ్యాన్నానికి ఆరిపోతాది."

"అయితే ఇది వాన కాదు గదా?"

"రెండున్నర మిల్లీమీటర్లు దాటితే వాన పడిన దినం కిందనే లెక్క."

"వేరు తడవకున్నానా?"

"వేరు తడవకున్నా."

"ఎవరు చెప్పిరి అట్లని?"

"మేమే."

"ఎంతయింది?"

"ఎనిమిదీ పదహారు."

"తప్పుకో. చేతులు అడ్డం పెడతా దీనికి."

"వద్దక్కా! ముట్టుకోవద్దు!"

"కొంగైనా కప్పుతా."

"వద్దంటాండా గదా. నువ్వు పోస్తే తప్పయినప్పుడు కప్పితే మాత్రం తప్పు కాదా? పడింది పడినట్టు లెక్కకు పోవాల. ఇప్పుడే గదా అందుకోసం నా పుస్తకం పారేసుకుంటి. మళ్ళీ ఇంకో అబద్ధం దీని నోట్లో వేసేదా? నన్ను అట్ల చూడొద్దక్కా. ఇది నిజం వాన."

"నిజం వానే. నేనేం కాదనల్యా."

"మరి?"

"నీకేమప్పా. శుక్రారం, ఎనిమిది, మూడు మిల్లీమీటర్లు. నీ పుస్తకంలో రాసినట్టే పడతాంది. ఆ సారుకు ఫోను చెయ్యి. పడింది, పూనాకు వస్తాండా అని చెప్పు. నవ్వినాడు గదా, ఇప్పుడు నవ్వడు. నేను నోరు తెరవనులే. గ్లాసు సంగతి నా కడుపులోనే ఉంటాది."

"అక్కా, నేను దాని కోసం అనలేదు."

"దేనికోసమైతే ఏమి? నీ సత్యం నీకు దక్కె, నీ పట్టా నీకు దక్కె. మాకు దక్కింది ఈ తడి. పో. ఫోను చెయ్యి. అరె, యాడికి పోతాండావు? కోపమొచ్చెనా? ఏదో కడుపు మంటకొద్దీ అంటి, పెద్దదాన్ని. బండి తియ్యొద్దప్పా, తడిసిపోతావు, బడి వరండాలోకి రా. ఆ, హెల్మెట్టు పెట్టుకో, అదీ మంచిదే, తల తడవకుండా... మళ్ళీ కంచె లోపలికి యాల వస్తివి? ఇనాయతుల్లా! ఏమప్పా ఇది, నీ తలకు పెట్టుకోకుండా దాని నోటికి బోర్లిస్తాండావు!"